ఒంట్లో నల్లమందు

ఆ ఎండాకాలమంతా మా అమ్మాయి పొద్దున్నే మంచం దిగేటప్పుడు గోడ పట్టుకునేది. ముందు కుడికాలు దించేది. తర్వాత ఎడమకాలు, మరిగే నీళ్ళలో పెడుతున్నట్టు మెల్లగా దించేది. గుమ్మం దాకా కుంటేది. అక్కడ ఆగి, ఎవరూ చూడడం లేదని తేల్చుకుని, నడుము నిలబెట్టి మెట్లు దిగేది. అదే పిల్ల కాసేపయ్యాక గ్రౌండులో మగపిల్లల్ని కూడా దాటి ఉరికేది. అప్పుడు ముఖంలో నొప్పి అన్నది మచ్చుకైనా కనబడేది కాదు. పైగా నవ్వేది. నన్ను నిద్రపోనివ్వనిది ఆ నవ్వే.

నా భయాలకు మా ఇంట్లో విలువ లేదు. పొయ్యి ఆర్పానో లేదోనని వీధి మలుపు నుంచి వెనక్కి వచ్చే మనిషిని నేను. ఎవరైనా ఇంటికి కాస్త ఆలస్యమైతే నా మనసు అప్పటికే ఆసుపత్రికి వెళ్ళి, శవాన్ని చూసి, ఏడ్చి, తిరిగొచ్చేసేది. "నువ్వు ఆవలిస్తే అంబులెన్సు వస్తుందే" అనేవారు మా ఆయన. అన్నిసార్లు ఊరికే భయపడ్డ మనిషి ఒకసారి నిజంగానే చూస్తే ఎవరికి చెప్పుకోవాలి?

"రాత్రి పడుకుని కాలు బిగుసుకుంటుందమ్మా, అంతే. రెండు రౌండ్లు కొడితే పోతుంది" అనేది అమ్మాయి.

"పోయేది పొద్దున్నే మళ్ళీ ఎందుకొస్తోంది?"

"నువ్వు కూడా రోజూ అదే ప్రశ్న ఎందుకడుగుతున్నావు?"

మా అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని నవ్వేవారు. కాళ్ళు సన్నగా ఉన్నాయని మనవరాలికి 'మిడత' అని పేరు పెట్టింది ఆవిడే. "మిడతను కట్టేసి పెంచుతావా అమ్మాయ్? దాని పని గెంతడమే కదా" అనేవారు.

మా ఆయన బస్సు డిపోలో టైర్ల మేస్త్రీ. ఆ వేసవిలో ఆయన మెడలో స్టాప్‌వాచ్ వేలాడుతూనే ఉండేది, అన్నం తింటున్నా తీసేవారు కాదు. వేసవి చివర్లో ఎంపిక పందెం ఉంది. అందులో ముందు వచ్చిన ముగ్గురు పెద్ద జట్టులోకి వెళతారు. మా అమ్మాయి వెళ్ళడం ఖాయమని కోచ్ అన్నాడు. కోచ్ అన్నాడంటే మా ఆయనకు అది రాతిమీద గీత. ఆ కోచ్ గ్రౌండు గోడ మీద ఎర్రరంగుతో మనిషెత్తు అక్షరాలు రాయించాడు: 'నొప్పి అనేది ఓడిపోయేవాళ్ళ మాట.' ఆ కోచే మోకాళ్ళు నొప్పని పరుగు మానేసి ఎన్నేళ్ళయిందో ఊరందరికీ తెలుసు. అడిగేవాళ్ళే లేరు.

మొదట్లో నేను అందరి తల్లులూ అనుమానించేదే అనుమానించాను. నొప్పి తెలియకుండా ఏదో మింగుతోందనుకున్నాను. పరుగు లేని రోజు ఎలా ఉండేదో చూశాను కదా. కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేది. మాట్లాడితే కసిరేది. మర్నాడు పరిగెత్తి వచ్చిందంటే మబ్బు విడిచినట్టు ఉండేది. ఇవి మత్తు అలవాటైనవాళ్ళ లక్షణాలు కావా? ఒక మధ్యాహ్నం అది స్నానానికి వెళ్ళగానే సంచీ దులిపాను. ఒక కట్టు గుడ్డ, నొప్పుల మలాం, దువ్వెన, నల్లబడిన అరటిపండు బయటపడ్డాయి. నీళ్ళ సీసా మూత తీసి వాసన చూస్తుంటే వెనకనుంచి గొంతు వినిపించింది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"ఉతకాల్సినవి ఉన్నాయేమోనని."

"వాసన చూసి ఉతుకుతావా నీళ్ళని?"

తడి జుట్టుతో అలా నిలబడి నా ముఖంలోకి చూసింది. దానికి అర్థమైంది. ఆ రోజు నాతో మళ్ళీ మాట్లాడలేదు.

ఆ తర్వాతే వచ్చింది ఆ పరీక్ష సంగతి.

వైద్య కళాశాలలో ఎవరో డాక్టరమ్మ దూరాలు పరిగెత్తేవాళ్ళ మీద పరిశోధన చేస్తోందట. వచ్చినవాళ్ళకు కొత్త బూట్లు ఇస్తారట. బూట్లనేసరికి కోచ్ తన పిల్లలందరి పేర్లూ ఇచ్చేశాడు. మా అమ్మాయికి పంతొమ్మిదేళ్ళు నిండాయి, సంతకం అదే పెట్టుకుంది. రక్తం తీస్తారని, మాత్రలేవో ఇస్తారని విన్నాక నేను ఇంట్లో కూర్చోగలనా? కుడుతున్న స్కూలు చొక్కాలు మిషన్ మీదే వదిలేసి వెంటపడ్డాను.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. జుట్టు ముడిలో కలం గుచ్చుకుని, ఆ కలం కోసమే బల్ల అంతా వెతుకుతోంది. "తల్లిగారా? కూర్చోండి" అని మంచిగానే చెప్పుకొచ్చింది. దెబ్బ తగిలినప్పుడు, చాలాసేపు కష్టపడినప్పుడు ఒళ్ళు తనకు తానే ఒక మందు తయారు చేసుకుంటుందట. నొప్పిని కప్పేస్తుందట. నల్లమందు చేసే పనే అదీ చేస్తుందట.

"నల్లమందు మా ఇంటా వంటా లేదు డాక్టరమ్మా."

"అందరి ఇంట్లోనూ ఉందమ్మా. మీ ఒంట్లోనూ ఉంది, నా ఒంట్లోనూ ఉంది. కొనుక్కోనక్కర్లేదు. పరిగెత్తేవాళ్ళలో అది ఎంత పెరుగుతుంది, అందరిలోనూ పెరుగుతుందా, పరిగెత్తాక వచ్చే ఆ హాయి దానివల్లేనా, వేరే వాటివల్లా అన్నది చూస్తున్నాం. ఇంకా తేలని సంగతులు చాలా ఉన్నాయి. అందుకే పరుగుకు ముందు కాస్త, తర్వాత కాస్త రక్తం తీసుకుంటాం."

"మరి ఆ మాత్రలేమిటి?"

"ఒక రోజు ఉత్త గుళిక ఇస్తాం, అందులో ఏమీ ఉండదు. ఇంకో రోజు ఒంట్లోని ఆ మందుకు అడ్డుపడే గుళిక ఇస్తాం. తాళం కన్నంలో అగ్గిపుల్ల విరిగి ఇరుక్కుందనుకోండి, తాళంచెవి చేతిలో ఉన్నా తిరగదు కదా, అలాగన్నమాట. ఏ రోజు ఏదో పరిగెత్తేవాళ్ళకు చెప్పం."

మొదటిసారి ఏమీ కాలేదు. కదిలే రబ్బరు పట్టా మీద చాలాసేపు పరిగెత్తింది, ఎప్పట్లాగే నవ్వు ముఖంతో దిగింది. వారం పోయాక రెండోసారి వెళ్ళాం. అద్దం గోడకు ఇవతల నేను కూర్చున్నాను. పట్టా మీద అది పరిగెత్తుతోంది. చాలా దూరం వెళ్ళలేదు. దాని కింది పెదవి పళ్ళ కింద నలిగింది. భుజం ఒరిగింది. నవ్వు ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని చూస్తున్నాను. రాలేదు. ఉన్నట్టుండి రెండు చేతులతో కడ్డీ పట్టేసుకుని "ఆపండి" అంది. ఆపారు. అక్కడే చతికిలబడి ఎడమకాలు చేతుల్లోకి తీసుకుని, మా నాన్న పోయిన రోజున కూడా ఏడవని పిల్ల, వెక్కి వెక్కి ఏడ్చింది.

నేను తలుపు తోసుకుని వెళ్ళాను. "బంగారం లాంటి పిల్లను తెచ్చి అప్పజెబితే కుంటిదాన్ని చేశారా? ఏం పెట్టారు దానికి?" నా గొంతు వరండా దాకా వినబడింది, జనం వచ్చి చూశారు. నాకేం సిగ్గు వెయ్యలేదు.

డాక్టరమ్మ నేల మీద కూర్చుని, మోకాలికీ చీలమండకూ మధ్య ఎముకను వేలితో మెల్లగా తడుముకుంటూ వచ్చింది. ఒకచోట అమ్మాయి కాలు లాగేసుకుంది. డాక్టరమ్మ లేచి వెళ్ళి, మూసిన కవరు చించి చూసి వచ్చింది.

"ఇవాళ ఇచ్చింది అడ్డుపడే గుళికే" అంది. "ఈ నొప్పి నేను పెట్టింది కాదమ్మా. ఇదివరకే ఉందని నా అనుమానం. పైనున్న దుప్పటి లాగేశామేమో."

"అనుమానమేమిటి? చదువుకున్నారు కదా, ఏదో ఒకటి చెప్పండి."

"స్కాన్ తీస్తేగాని ఎవరూ చెప్పలేరు. ఎముకలో సన్న పగులు ఉండొచ్చు. తీసేదాకా ఒక్క అడుగు కూడా పరిగెత్తనివ్వకండి. నా మాట మీద నమ్మకం లేకపోతే పొద్దున్నే, ఒళ్ళు వేడెక్కకముందు, ఆ ఒక్క కాలి మీద ఒక్కసారి గెంతమనండి. తనకే తెలుస్తుంది."

అప్పుడు నాకు ఆ పొద్దులన్నీ కళ్ళముందు నిలిచాయి. గోడ, కుంటుడు, గుమ్మం దగ్గర ఆగి చూసుకునే చూపు. నేను తిట్టాల్సిన మనిషి ఈవిడ కాదని తెలిసింది. కానీ నోరు అప్పటికే జారింది. కోపాన్ని తిరిగి సంచీలో వేసుకుని పిల్లను తీసుకుని వచ్చేశాను.

సాయంత్రానికి కోచ్ మా ఇంటికి వచ్చాడు. నేను గుడ్డ కత్తిరించే బల్ల మీద, కొలతలు గీసిన గుడ్డను మడతపడేలా తోసి, కూర్చున్నాడు.

"స్కానూ లేదు, ఏమీ లేదు" అన్నాడు మా ఆయనతో. నా వైపు చూడలేదు. "ఒకసారి స్కాన్ అన్నారంటే ఏదో ఒకటి రాస్తారు, కట్టు కడతారు, సీజన్ పోతుంది. మందు తెచ్చిన నొప్పి మందుతోనే పోతుంది. చెమటలో పంపించేద్దాం."

"చెమటలోనా?" అన్నాను.

"ఒళ్ళంతా కప్పి, ఎండలో నాలుగు రౌండ్లు ఎక్కువ కొట్టిస్తే లోపలున్నది కాస్తా బయటికి వచ్చేస్తుందమ్మా. మీకు తెలియదు. నేను ఎందరినో చూశాను."

"మా కాలంలో జ్వరాన్ని చెమట పట్టించి పంపేవాళ్ళం" అన్నారు అత్తగారు. "ఇప్పుడు మందును కూడా పంపుతున్నారన్నమాట. రేపు అన్నాన్ని కూడా పంపేస్తారు."

ఎవరూ నవ్వలేదు. నేను డాక్టరమ్మ చెప్పినదంతా చెప్పాను, తాళం, అగ్గిపుల్ల, దుప్పటి, అన్నీ. చెప్పేటప్పుడు నాకే తడబాటుగా ఉంది. నాకు సగమే అర్థమైంది, ఆ సగం నా నోట్లో ఇంకాస్త ముక్కలైంది. మా ఆయన చెవిన ఇల్లు కట్టుకుని చెప్పినా వినలేదు. "ఆవిడ పరిశోధన కోసం మన పిల్ల కాలు కావాలా?" అన్నారు. అమ్మాయి కూడా వాళ్ళ వైపే. "నిన్నటిదాకా లేని నొప్పి ఇవాళ ఆ గుళికతోనే వచ్చింది కదమ్మా" అంది.

"నిన్నటిదాకా లేదా? నా కళ్ళలోకి చూసి చెప్పు."

చూడలేదు.

రెండు రోజులు పోయాక మిట్టమధ్యాహ్నం పరిగెత్తించారు. చలికాలం స్వెట్టర్లు రెండు తొడిగారు, నెత్తిన ఉన్ని టోపీ పెట్టారు. రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకునేంత ఎండ. అది ముందు, వెనక మా ఆయన స్కూటరు మీద హారన్ కొడుతూ వెళ్ళారు. డిపో నుంచి ఇద్దరు ముగ్గురు చూడ్డానికి కూడా వచ్చారు, ఏదో ఊరేగింపు అన్నట్టు. నేను మలుపులో నీళ్ళ బిందెతో నిలబడ్డాను. మొదటి చుట్టులో అది కుంటుతూనే వచ్చింది, కళ్ళు చిట్లించుకుని. రెండో చుట్టులో కుంటుడు తగ్గింది. మూడో చుట్టులో నవ్వు వచ్చేసింది. నా వైపు చెయ్యి ఊపింది.

"దిగింది మందు" అన్నాడు కోచ్. "నేను చెప్పలేదూ?"

మా ఆయన స్టాప్‌వాచ్ ముద్దుపెట్టుకున్నారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ గుళిక బలం పోయింది, దాని ఒళ్ళు మళ్ళీ తన దుప్పటి తను కప్పుకుంది, జరిగింది ఇంతే. ఎంత పరిగెత్తిస్తే అంత గట్టిగా కప్పుకుంటుంది. రోగాన్ని దాచేదేదో దాన్నే తెచ్చి, రోగం పోయిందని సాక్ష్యం చెప్పిస్తున్నారు. ఈ సంగతి ఆ ఎండలో, ఆ హారన్ మధ్య, ఎవరికి చెప్పను? నీళ్ళ బిందె అక్కడే పడేసి వచ్చాను. అది దొర్లుకుంటూ కాలువ దాకా వెళ్ళిందట.

అప్పటినుంచి రోజూ పొద్దున్నే అడిగేదాన్ని. "ఒక్కసారి గెంతు. ఎడమకాలి మీద. ఇక్కడే, మంచం పక్కనే."

"తొక్కుడుబిళ్ళ ఆడే వయసా నాది?"

"ఒక్కసారేగా."

"నువ్వు గెంతు. నేను చూస్తా." తప్పించుకుని వెళ్ళిపోయేది.

పందెం ముందు రోజు మధ్యాహ్నం బూట్లు తీసి దాచాను. మిషన్ కింద గుడ్డముక్కల మూటలో, అడుగున పెట్టాను. సాయంత్రం వెతికి వెతికి నా దగ్గరికే వచ్చింది. నేను మేడ మీద ఆరిన బట్టలు తీస్తున్నాను.

"నా బూట్లు ఇవ్వు."

"స్కాన్ తీయించుకుని రా, ఇస్తా."

"ఒట్టికాళ్ళతో పరిగెత్తుతాను. అప్పుడేం చేస్తావు?"

"కాలు విరుగుతుంది. మంచాన పడతావు. నేను ఎత్తి పోస్తాను. అదేగా నీకు కావలసింది?"

అది నా చేతిలోని దుప్పటి లాక్కుని నేలకేసి కొట్టింది. "నీకు తెలుసా అమ్మా నేను ఎందుకు పరిగెత్తుతానో? పతకాలు నాన్నకు కావాలి. పేరు కోచ్‌కు కావాలి. నాకు అవేవీ అక్కర్లేదు. కొంత దూరం పోయాక ఒకటి జరుగుతుంది. లోపల ఏదో వదులవుతుంది. అప్పుడు దేనికీ భయం ఉండదు. పుట్టినప్పటి నుంచీ నువ్వు చెబుతూనే ఉన్నావు, పడిపోతావు, మునిగిపోతావు, ఎవడో ఎత్తుకుపోతాడు, కరెంటు కొడుతుంది అని. నీ భయమంతా నాకు కుట్టేశావు, పేలికపేలిక చేసినా విడదు అది. ఆ ఒక్కచోటే విడిపోతుంది. రోజుకు ఆ కాసేపే నేను నీ కూతుర్ని కాను. అది కూడా దాచేస్తావా, బూట్లలాగే?"

తీగ మీద ఒక చొక్కా చెయ్యి గాలికి లేచి నా ముఖానికి తగిలింది. తీసి మడతపెట్టాను. కోపం వచ్చింది, చాలా వచ్చింది, కానీ ఎవరి మీద వేయాలో తెలియలేదు. దాన్ని చెంపదెబ్బ కొట్టాలనిపించింది. ఆ చెయ్యే దాని తల మీద పెట్టాలనిపించింది. ఏదీ చెయ్యలేదు. కిందికి వెళ్ళి మూట విప్పి బూట్లు తెచ్చి దాని ముందు పెట్టాను.

"ఇవిగో. వెళ్ళు. రేపు కట్టుకునేముందు ఒక్క గెంతు గెంతు. నాకోసం కాదు, నేను చూడను కూడా చూడను. నీ కాలు నీతో ఏమంటుందో విను. ఏమీ అనకపోతే నేనే వచ్చి చప్పట్లు కొడతా."

మర్నాడు పొద్దున్నే కింద స్కూటరు స్టార్ట్ చేసి ఉంది. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని మాటిమాటికీ హారన్ కొడుతున్నారు. అమ్మాయి మెట్ల మీద కూర్చుని బూటు తాడు చేతిలో పట్టుకుంది. కట్టలేదు. నేను గుమ్మం లోపల గోడకేసి తిరిగి నిలబడ్డాను. చూడనని చెప్పాను కదా.

అది లేచిన చప్పుడైంది. తర్వాత ఒక్క చప్పుడు, నేలమీద అడుగు. రెండోది వినబడలేదు.

తర్వాత బూటు వదిలిన చప్పుడు, ఇంకో బూటు వదిలిన చప్పుడు.

"అమ్మా" అంది. "నాన్నను ఇంజను ఆపెయ్యమను."

మా ఆయన నమ్మలేదు. పైకి వచ్చి చూశారు, కాలు పట్టుకుని నొక్కి చూశారు, "కాస్త నడిచి చూడవే, నడిస్తే పోతుంది" అని బతిమాలారు. అది తల అడ్డంగా ఊపింది. అప్పుడు నా వైపు తిరిగారు. "నీ నోటి చలవే ఇదంతా. ఇప్పుడు సార్ ముఖం ఎలా చూడను? నువ్వే వచ్చి చెప్పు."

"పదండి" అన్నాను.

స్కూటరెక్కి ఊరికి ఆ చివర ఉన్న పెద్ద గ్రౌండుకు వెళ్ళాం. కోచ్ మెడలో ఈల, చేతిలో అంకెలు రాసిన గుడ్డలు. మా వెనక పిల్ల లేదని చూడగానే ముఖం మారింది.

"ఏది?"

"ఇంట్లో ఉంది. పరిగెత్తదు. స్కాన్‌కు తీసుకెళతాం."

"ఎవరు నిర్ణయించారు? మీరా?"

"దాని కాలే నిర్ణయించింది."

ఆయన నవ్వాడు. చుట్టూ ఉన్న వాళ్ళు వినేలా నవ్వాడు. "ఇలాంటి తల్లులు ఉంటే ఆడపిల్లలు వంటింట్లోనే పరిగెత్తాలమ్మా. నా రెండేళ్ళ కష్టం మట్టిలో పోశారు. మీరు మిషన్ తొక్కుకోండి, నా పని నన్ను చేసుకోనివ్వండి."

"మీ పని చేశారు" అన్నాను. "పిల్ల కుంటుతోందని మీకు కనబడలేదా? ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి మీరు. కనబడింది. కనబడ్డాకే రెండు స్వెట్టర్లు తొడిగారు. అది నవ్వుతోంది కదా అని పరిగెత్తించారు. ఆ నవ్వు దానిది కాదు, దాని ఒంటిది. పచ్చి గాయం మీద ఒళ్ళు వేసిన మత్తు అది. ఆ మత్తు మీద మీరు సీజన్ నడుపుకున్నారు."

ఇంకా ఏమేమో అన్నాను. ఆగింది ఎప్పుడంటే, మా ఆయన ముందుకు వచ్చి ఆయనకు చేతులు జోడించినప్పుడు. "ఏమీ అనుకోకండి సార్. ఆవిడ మనిషే అంత. వచ్చే ఏడు మళ్ళీ..."

వచ్చే ఏడు. నేను ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు.

"ఎక్కు, పోదాం" అన్నారు బయటికి వచ్చి, స్కూటరు వంచి.

"మీరు వెళ్ళండి."

"ఎండలో ఎలా వస్తావే? ఊరంతా దాటాలి."

"కాళ్ళున్నాయి."

నడిచాను. స్కూటరు కాసేపు నా పక్కనే పాకుతూ వచ్చింది. "మొండితనానికి మందు లేదు" అని చివరికి వెళ్ళిపోయారు. నేను నడుస్తూనే ఉన్నాను. కోచ్‌ను తిట్టాను. మా ఆయన్ను తిట్టాను. ఆ జోడించిన చేతులను ఒక్కొక్క వేలూ విడిగా తిట్టాను. గ్రౌండు గోడ, వంతెన, కూరగాయల సంత, రైలు గేటు, దేన్నీ చూడలేదు. ఎదురొచ్చినవాళ్ళు తప్పుకుంటున్నారు, బహుశా నోరు కదులుతూ ఉండి ఉంటుంది. చెమట కళ్ళలోకి దిగుతోంది, తుడుచుకోలేదు. ఇంకా వేగంగా నడిచాను, దాదాపు పరుగే. పుట్టి బుద్ధెరిగాక అంత దూరం, అంత వేగంగా నేను ఎన్నడూ నడవలేదు.

రైలు గేటు దాటాక ఎక్కడో, తిట్లు అయిపోయాయి. వెతికాను, లేవు. ఊపిరి ఒక లయలో పడింది, మిషన్ చక్రం ఊపందుకున్నట్టు. నా పక్కనుంచి ఇసుక లారీ రాసుకుంటూ పోయింది. మామూలుగా ఐతే నేను గోడకు అతుక్కుని, డ్రైవరు తాగి ఉంటాడని, బ్రేకులు పోయి ఉంటాయని, నా తల టైరు కింద ఎలా ఉంటుందో కూడా చూసేదాన్ని. ఏమీ చూడలేదు. లారీ వెళ్ళింది, అంతే. ఇంట్లో పొయ్యి ఆర్పానా అన్నది గుర్తొచ్చింది, గుర్తొచ్చి ఊరికే వెళ్ళిపోయింది. అమ్మాయి కాలుకు ఏమవుతుంది అనుకున్నాను. ఏదో అవుతుంది, చూద్దాం అనిపించింది. ఇంత తేలికా? అందరూ ఇలా బతుకుతున్నారా? ఇంతకాలం నాకు ఎవరూ చెప్పలేదేం? మళ్ళీ కోపం వచ్చింది, ఈసారి అందరి మీదా. ఆ కోపం కూడా బరువు లేదు.

ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు తలుపు తీసి, "ఒక్కదానివే వచ్చావా? నీ వెనక పోలీసులేమైనా వస్తున్నారా అమ్మాయ్?" అన్నారు. అమ్మాయి కాలు ఎత్తుగా ముక్కాలిపీట మీద పెట్టుకుని కూర్చుని ఉంది. ఏడ్చినట్టుంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నన్ను చూసి, కిందికి చూసింది.

"అమ్మా, నీ కాలు."

చూసుకున్నాను. కుడి చెప్పు వారు తెగి, మేకు బయటికొచ్చి ఉంది. బొటనవేలి పక్కన చీరుకుపోయి, చెప్పంతా రక్తం. గుమ్మం నుంచి నేను నిలబడ్డ చోటుదాకా ఎర్రటి అడుగులు.

"ఎక్కడ గుచ్చుకుంది?"

"తెలియలేదు."

"ఎప్పటినుంచి?"

"తెలియలేదే."

అది నా ముఖం చూస్తూ ఉండిపోయింది. తర్వాత మెల్లగా, "అదే అమ్మా" అంది.

"ఏది అదే? ముందు దూది ఇటు పడెయ్" అన్నాను. పడేసింది. గాయం తుడుచుకుంటూ ఉంటే అది నవ్వుతోందని తెలుస్తోంది. తలెత్తలేదు. ఎత్తితే నేను కూడా నవ్వుతాను, అప్పటికి నాకు నవ్వాలని లేదు.

మర్నాడు పొద్దున నేను కాలు కింద పెట్టేసరికి ప్రాణం జివ్వుమంది. ఆ గోడ అది, ఈ గోడ నేను పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళాం. మా ఆయన మాట్లాడకుండా ఆటో పిలుచుకొచ్చారు. స్కాన్‌లో ఎముక మీద గీత కనబడింది, నూలుపోగంత. ఇంకొక్క పందెం పరిగెత్తి ఉంటే రెండు ముక్కలయ్యేదేమో అన్నారు అక్కడి డాక్టరు. మా ఆయన ఆ ఫిల్ము కిటికీ వెలుగుకు పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. తర్వాత మెడలోంచి స్టాప్‌వాచ్ తీసి చొక్కా జేబులో వేసుకున్నారు. నాకు క్షమాపణ చెబుతారని చూశాను. "ఆటో వెయిటింగులో ఉంది" అన్నారు. ఆయనకు వచ్చింది అంతే. నాకు అది చాలదు, ఈ రోజుకూ చాలదు. గ్రౌండు గోడ మీద ఆ ఎర్ర అక్షరాలు ఇంకా అలాగే ఉన్నాయి. కొత్త పిల్లలు వాటి కిందే పరిగెత్తుతున్నారు.

కట్టులో ఉన్నన్నాళ్ళు మా ఇల్లు కొలిమి. అది కసిరేది, నేను అరిచేదాన్ని. కానీ కాలు ఎప్పుడు అతుకుతుందని నేను అడిగినన్నిసార్లు అదీ నన్ను అడిగేది, నీ వేలు ఎలా ఉంది అని.

వానలు మొదలయ్యాక కట్టు విప్పారు. ఇంకొన్నాళ్ళకు మెల్లగా పరిగెత్తొచ్చన్నారు. ఆ పొద్దున్న అది మెట్ల మీద కూర్చుని బూట్లు ముందు పెట్టుకుంది. కోచ్ లేడు, స్కూటరు లేదు. నేను మిషన్‌లో దారం ఎక్కిస్తున్నట్టు కూర్చున్నాను. దారం ఎంతకీ సూదిలోకి వెళ్ళడం లేదు. ఈసారి నేనేమీ అడగకూడదని పళ్ళు బిగబట్టాను.

అదే లేచింది. బూట్లు పక్కకు జరిపి, గచ్చు మీద ఎడమకాలితో ఒక్క గెంతు గెంతింది. నిలబడి విన్నది, కాలు ఏమంటుందోనని. తర్వాత నా వైపు తిరిగింది.

"ఏమీ లేదమ్మా."

"ఇంకోసారి గెంతు" అన్నాను.